పంటకు ముందే పున్నమి

చైనా దేశంలో ఎనిమిదో నెల పదిహేనో రాత్రి, అంటే పున్నమినాడు, ఇంటిల్లిపాదీ ఆరుబయట చేరి చంద్రుణ్ణి చూస్తారు. గుండ్రటి తీపి రొట్టెలు కోసి పంచుకుంటారు. దూరాన ఉద్యోగాలు చేసే బిడ్డలు ఆనాటికి ఇల్లు చేరతారు. ఆ పండుగకు వాళ్ళు పెట్టుకున్న పేరుకు అర్థం 'నడి శరత్తు'. ఇంగ్లీషు పుస్తకాలు రాసేవాళ్ళు పంట చంద్రుని పండుగ అంటారు. మన పంచాంగంలో అది చాలా ఏళ్ళు భాద్రపద పున్నమి అవుతుంది, కొన్ని ఏళ్ళు ఆశ్వయుజ పున్నమి. 2023లో సెప్టెంబరు 29న, 2024లో సెప్టెంబరు 17న, 2025లో అక్టోబరు 6న వచ్చింది.

అదే చంద్రుడు అదే రాత్రి మా గుమ్మఘట్ట మీద కూడా పొడుస్తాడు. మరి ఆ రాత్రి మా తావ ఏం చేస్తారు? ఏమీ చెయ్యరు. భాద్రపద పున్నమి దాటితే మహాలయపక్షం, పెద్దలకు పెట్టుకునే రోజులు. అంతే.

మావాళ్ళకు చంద్రుడంటే గిట్టక కాదు. సేద్యగాళ్ళ పున్నమి మాకూ ఒకటుంది. అది ఏరువాక పున్నమి. జ్యేష్ఠమాసంలో, ఒక్క గింజ కూడా ఇంకా నేలలో పడకముందు వస్తుంది. వాళ్ళు పంట చేతికొచ్చే వేళ చేసుకునే పండుగను మనం పంట పెట్టకముందే ఎందుకు చేసుకుంటున్నాం? ఈ వ్యాసంలో నేను విచారించదలచుకున్న విషయం ఇదే. నేను బి.ఎస్సీ.లో లెక్కలు, భౌతికశాస్త్రం చదువుతున్నవాణ్ణి. మడక పట్టిన ఇంట్లో పుట్టినవాణ్ణి కూడా. ఈ ప్రశ్నకు రెండూ అవసరమే అయినాయి.

ముందు చైనా సంగతి చూద్దాం. ఈ పండుగ పుట్టుక ఏమని అడిగితే మామూలుగా చాంగ్ ఎ అనే ఆమె కథ చెప్తారు. విలుకాడైన మొగుడు సంపాదించిన అమృతాన్ని తాను తాగేసి చంద్రమండలానికి ఎగిరిపోయిందట. క్రీస్తుకు పూర్వం 2వ శతాబ్దంలో కూర్చిన హువాయ్‌నాన్‌జి అనే గ్రంథంలోనే ఈ కథ ఉంది. చంద్రుడిలో ఆమెకు తోడు ఒక కుందేలు. మనకూ చందమామలో ఉన్నది కుందేలే కదా. శశాంకుడన్న పేరు దాన్నిబట్టి వచ్చిందే. బోధిసత్త్వుడు కుందేలుగా పుట్టి అతిథి ఆకలి తీర్చడానికి నిప్పుల్లో దూకిన జాతక కథ మనదేశంలో ప్రసిద్ధం. ఇన్ని వేల మైళ్ళ దూరాన ఉన్న రెండు జనాలు ఒకే మచ్చను చూసి ఒకే జంతువును తలచుకోవడం నాకు భలే ముచ్చటగా ఉంటుంది. కానీ చాంగ్ ఎ కథలో పంట మాట లేదు, కొడవలి మాట లేదు. కథలు పండుగకు తోరణాలే గానీ పునాదిరాళ్ళు కావని నా అభిప్రాయం.

పునాది వేరే తావ ఉంది. ప్రాచీన చైనా రాజులు వసంతకాలంలో ఉదయం పూట సూర్యుణ్ణి, శరత్తులో సాయంత్రం పూట చంద్రుణ్ణి కొలిచేవారు. నడి శరత్తు రాత్రి తప్పెట్లు కొట్టి చలికి ఎదురుపోయే ఆచారం ఝౌ రాజుల నాటి మర్యాదలు చెప్పే గ్రంథంలో కనిపిస్తుంది. అది కొలువు సంగతి. ఊళ్ళల్లో సేద్యం చేసే జనం నేలతల్లివంటి దేవతకు ఏడాదికి రెండుమార్లు మొక్కేవారు. వసంతంలో మొక్కు 'పంట ఇయ్యి' అని అడగడానికి. శరత్తులో మొక్కు 'ఇచ్చినావు' అని చెల్లించడానికి. అడిగే మొక్కు ఒకటి, తీర్చే మొక్కు ఒకటి. పాఠకులు ఈ రెండింటినీ కాస్త గుర్తుపెట్టుకోవాలి, ముందుముందు వీటితో పని ఉంది.

తాంగ్ వంశపు రోజుల్లో నడి శరత్తు చంద్రుణ్ణి చూస్తూ కవిత్వం చెప్పుకోవడం పెద్దల వేడుక అయింది. సోంగ్ వంశం వచ్చేసరికి, అంటే 10వ శతాబ్దం తర్వాత, అది పేరున్న జనం పండుగగా స్థిరపడింది. కైఫెంగ్ నగరం 1127లో శత్రువుల పాలైంది. అక్కడ బతికిన మెంగ్ యువాన్‌లావ్ అనే ఆయన పోయిన రోజులను తలచుకుంటూ 1147లో ఒక పుస్తకం ముగించాడు. ఆ పండుగకు కొత్త సారాయి అమ్మకానికి వచ్చేదనీ, కలవాళ్ళు మేడలను అలంకరించేవాళ్ళనీ, మామూలు జనం చంద్రుడు బాగా కనబడే పూటకూళ్ళ మేడల్లో చోటు కోసం పోటీలు పడేవాళ్ళనీ అందులో రాశాడు. తర్వాత మింగ్ చక్రవర్తి ఒకాయన 1530లో బీజింగులో చంద్రపూజకని ప్రత్యేకంగా వేదికే కట్టించాడు. మంగోలు ప్రభుత్వం మీద తిరుగుబాటు సందేశాలను తీపి రొట్టెల్లో దాచి పంచారన్న కథ ఒకటి బాగా ప్రచారంలో ఉంది గానీ దానికి ఆనాటి గ్రంథాల్లో ఆధారం కనబడదు. 2008 నుంచి ఆ దేశంలో ఈ పండుగకు ప్రభుత్వ సెలవు. కొరియా, జపాన్, వియత్నాం దేశాల్లోనూ ఇదే పున్నమిని తలా ఒక తీరుగా చేసుకుంటారు.

అంటే అక్కడ తీర్చే మొక్కు, చంద్రపూజ, పట్నవాసుల సంబరం మూడూ ఒక పున్నమి మీద కలిసినాయి. ఆ పున్నమి మీదే ఎందుకు కలిసినాయి అంటే, కొంత జవాబు ఆకాశంలోనే ఉంది.

చంద్రుడు దినానికి సుమారు 13 డిగ్రీలు తూర్పుకు జరుగుతాడు. అందుకని ఈరోజు పొడిచినదానికంటే రేపు సగటున 50 నిమిషాలు ఆలస్యంగా పొడుస్తాడు. కానీ ఈ ఆలస్యం ఏడాది పొడుగునా ఒకటిగా ఉండదు. సెప్టెంబరు చివర రాత్రీ పగలూ సమానమయ్యే రోజుల్లో, పున్నమి చంద్రుడు నడిచే దారి ఉత్తర దేశాల వాళ్ళకు తూర్పు దిగంతం మీద వాలుగా పడుకొని ఉంటుంది. చంద్రుడు తన దారిలో ఎప్పటిలాగే జరుగుతాడు, కానీ దిగంతం కిందికి దిగేది కొంచెమే. సుమారు 40 డిగ్రీల అక్షాంశంలో ఉన్న బీజింగులో అప్పటి ఆలస్యం ఇంచుమించు అరగంట మాత్రమే. లండన్ వంటి తావ ఇంకా తక్కువ. కాబట్టి పున్నమికి అటూఇటూ మూడు నాలుగు రోజులు, పొద్దు గూకీ గూకకముందే తూర్పున నిండు చంద్రుడు వచ్చి నిలబడతాడు. కోత మీదున్న రైతుకు దీపం పట్టినట్టే. పంట చంద్రుడన్న పేరు వట్టి కవుల మాట కాదు, అందులో లెక్క ఉంది.

అదే లెక్క మా ఊరికి వేసి చూశాను. గుమ్మఘట్ట సుమారు 14న్నర డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉంది. ఇక్కడ ఆ రోజుల్లో చంద్రుడి ఆలస్యం సగటున 40 నిమిషాలు దాటుతుంది. మామూలు 50 నిమిషాలకూ దానికీ తేడా ఏడెనిమిది నిమిషాలు. మా జేజినాయన చేతికి గడియారం ఇచ్చి గట్టు మీద కూచోబెట్టినా ఆ తేడా పట్టుకోలేడు. అంటే మా ఆకాశంలో పంట చంద్రుడు అని ప్రత్యేకంగా ఎవరూ లేడు. అన్ని పున్నములూ ఒకటే తీరు.

మరి మావాళ్ళకు పున్నమితో పని ఏమిటి? ఒకటి వెన్నెల, అది అందరికీ ఉన్నదే. రెండోది నా దృష్టిలో అంతకంటే పెద్దది. పున్నమి సేద్యగాడి పంచాంగం.

సేద్యగాడికి తెలియవలసింది సూర్యుడు ఏ నక్షత్రంలో ఉన్నాడన్న సంగతి. మనం కార్తె అనేది అదే. ఒక్కో కార్తె 13, 14 రోజులు. కానీ సూర్యుడు ఏ చుక్క పక్కన ఉన్నాడో కంటితో చూడలేము, ఆయన వెలుతురులో చుక్కలు కనబడవు గదా. పున్నమినాడు చంద్రుడు సూర్యుడికి సరిగ్గా ఎదురుమొగాన ఉంటాడు. చంద్రుడి పక్కన ఏ చుక్క ఉందో రాత్రి చూసుకుంటే, సూర్యుడు దానికి అవతలి కొసన ఉన్నాడని తేలిపోతుంది. జ్యేష్ఠ పున్నమినాడు చంద్రుడు వృశ్చికంలోని ఎర్రటి జ్యేష్ఠా నక్షత్రం ఛాయల్లో ఉంటాడు. దానికి ఎదురుగా ఉండేవి రోహిణి, మృగశిర. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. మృగశిరకు ముంగిళ్ళు చల్లబడతాయంటారు. జూన్ 7, 8 తేదీల్లో మృగశిర కార్తె వస్తుంది. నైరుతి ఋతుపవనం కూడా ఆ ప్రాంతానికే మనల్ని తాకుతుంది. కేలెండరు చూడ్డం రాని మనిషికి ఆకాశం వేసి చూపించే ముద్ర అది: మడక తియ్యి, కాడి చూసుకో అని. చాంద్రమాసం ఏటా 11 రోజులు వెనక్కి జరుగుతుంది, అధికమాసం వచ్చి దాన్ని ముందుకు తోస్తుంది. అందుకే 2023లో జూన్ 4న వచ్చిన ఏరువాక పున్నమి 2024లో జూన్ 21న, 2025లో జూన్ 11న వచ్చింది. రోహిణికీ ఆరుద్రకూ మధ్య ఊగుతుందే గానీ ఆ గట్టు దాటి దూరం పోదు.

ఏరు అంటే ఎద్దులు పూన్చిన నాగలి. ఏరువాక అంటే దుక్కి మొదలు. వాగుకు కూడా ఏరు అనే పేరుంది. నీళ్ళూ నాగలీ ఒకే మాటలో ఇమడడం మా సీమవాళ్ళకు తమాషాగా ఉంటుంది, ఎందుకంటే మాకు రెండో ఏరు ఉంటుంది గానీ మొదటి ఏరు ఏడాదిలో చానా నెలలు ఇసకే.

ఈ పండుగ ఎంత పాతది? నాగలికి పూజ చేసే ఆచారం రెండు వేల ఏళ్ళ కిందటే దక్కనులో ఉన్నదనడానికి మంచి సాక్ష్యం ఉంది. శాతవాహన రాజు హాలుడి పేరుతో ఉన్న ప్రాకృత గాథాసప్తశతిలో, ప్రత్తిచేను దున్నే మంచిరోజున నాగలికి మంగళం చేస్తున్న ఒక స్త్రీని గురించిన గాథ ఉంది. ఆమె చేతులు ఎందుకు వణికాయో తెలుగు లెక్చరర్లను అడిగితే నవ్వుతూ చెప్తారు. నాకు కావలసింది ఆ నాగలి, ఆ మంచిరోజు. విష్ణుపురాణంలో కృష్ణుడు గొల్లలకు చెప్తాడు, బ్రాహ్మలకు మంత్రయజ్ఞమైతే రైతులకు నాగలి యజ్ఞం, మనకు కొండ యజ్ఞం అని. బౌద్ధులు చెప్పుకునే కథల్లో శుద్ధోదనుడు దుక్కి పండుగకు తానే నాగలి పట్టాడు. నేరేడు చెట్టు కింద పసివాడు సిద్ధార్థుడు ధ్యానంలో కూచున్నది ఆనాడే. చైనా చక్రవర్తులు కూడా వసంతంలో స్వయంగా సాళ్ళు తోలేవారు, థాయిలాండులో ఆ రాజలాంఛనం మే నెలలో ఇప్పటికీ జరుగుతుంది. కాబట్టి దుక్కి పండుగ మన ఒక్కరి సొత్తు కాదు. దాన్ని పున్నమికి కట్టి, రాజు చేతినుంచి కాక రైతు ఇంటినుంచే నడపడం మన సీమ తీరు. పట్నాల్లో ఏరువాక అనే మాటను నిలబెట్టింది మాత్రం, నిజం చెప్పాలంటే, 1955లో వచ్చిన 'రోజులు మారాయి' సినిమాలో కొసరాజుగారి పాటే.

మా తావ పండుగ ఎలా జరుగుతుందో చెప్తాను. పొద్దున్నే ఎద్దులను కడుగుతారు. కొమ్ములు చెక్కి రంగు పూస్తారు. కుచ్చులు, గవ్వల పట్టెళ్ళు, గజ్జెలు కడతారు. మడకకు, గుంటకకు, గొర్రుకు సున్నంబొట్లు, కుంకుమ పెడతారు. ఇంట్లో ఓళిగలు. ఎద్దులకు పులగం పెట్టి, వెదురుగొట్టంతో నూనె, కోడిగుడ్డు తాగిస్తారు. సాయంత్రం ఊరి మొగదల గోగునార తోరణం కడతారు. ఎద్దులను ఊరేగించి దాని కిందుగా తోలుకొస్తారు. చెర్నాకోలలతో తోరణాన్ని కొట్టి, తెగిన నార పోగులు తెచ్చుకుని ఎద్దులకు తినిపిస్తారు. మా మండలాన్ని ఆనుకొనే కర్ణాటక ఉంది. గట్టు అవతల ఇదే కార పున్నమి. అక్కడ ఎద్దుల పరుగులో తెల్లెద్దు ముందొస్తే తెల్లజొన్న వంటి తెల్లపైర్లు, ఎర్రెద్దు ముందొస్తే ఎర్రపైర్లు బాగా పండుతాయని జోస్యం చెప్పుకుంటారు. సంబంధాలు ఇచ్చిపుచ్చుకునే ఊళ్ళు గాబట్టి మావైపు ముసలివాళ్ళు రెండు పేర్లూ పలుకుతారు.

ఇందులో మూఢనమ్మకం ఎంత, పని ఎంత అని సైన్సు చదివేవాణ్ణి గనుక నన్ను నేను అడిగి చూసుకున్నాను. ఎండాకాలమంతా కొట్టంలో నిలబడిన ఎద్దు కాళ్ళు ఎలా ఉన్నాయి, మెడ ఎలా ఉంది, గిట్టల్లో ఏమన్నా దిగిందా అని ఊరంతా ఒకే రోజు చూసుకోవడం తక్కువ పని కాదు. రాబోయే నాలుగు నెలలు కుటుంబం బరువు లాగేది ఆ మెడే. ఎర్రెద్దు జోస్యాన్ని మాత్రం నేను నమ్మను. మా జేజినాయన కూడా పెద్దగా నమ్మడు, కానీ పరుగు మాత్రం తప్పకుండా చూస్తాడు. ఇప్పుడు ఎద్దులు లేని ఇళ్ళే ఎక్కువ. ట్రాక్టరుకు మామిడాకులు కట్టి ముందు టైరుకు కుంకుమ పెడుతున్నారు. దానికి గుడ్డు తాగించే బాధ లేదు.

ఇక అసలు ప్రశ్న. అడిగే మొక్కు, తీర్చే మొక్కు అని పైన చెప్పాను. చైనావాళ్ళకు తీర్చే మొక్కు పెరిగి దేశం పండుగ అయింది. మా పీఠభూమిలో అడిగే మొక్కే పెద్దపండుగగా నిలిచింది. కారణం వానలెక్కలో ఉంది.

అనంతపురం జిల్లాకు ఏడాది సగటు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. పడమటి కనుమల నీడలో పడి నైరుతి మేఘం సగం ఖాళీ అయ్యాకే మాకు చేరుతుంది. ఏరువాక వచ్చే జూన్‌లో పడేది సుమారు 64 మిల్లీమీటర్లే. జూలైలోనూ దాదాపు అంతే. ఎక్కువ వాన సెప్టెంబరులో, సుమారు 118 మిల్లీమీటర్లు. అక్టోబరుది దాని తర్వాతి స్థానం. అది కూడా సగటు మాత్రమే. సగటు అనేది లెక్కల క్లాసులో మంచి మాట, చేను గట్టున నిలబడితే దానికి విలువ లేదు. నెల వాన ఒక రాత్రిలో పడి వంకలో పోయినా సగటు సగటే. మా మండలంలో వేదవతి, మేము హగరి అంటాము, పారుతుంది. దాని మీద భైరవానితిప్ప డ్యాం ఉంది. ఎగువన కర్ణాటకలో అదే నదికి కట్టిన వాణీవిలాస సాగరం 1907లో పూర్తయింది. అది 1933లో మరవ పారాక మళ్ళీ పారింది 2022లో. మధ్యలో 89 ఏళ్ళు. మా ఏరు అలాంటిది.

ఈ లెక్కలను శెనక్కాయ చేను పక్కన పెట్టి చూడండి. జూన్ చివరో జూలైలోనో పదను చూసి విత్తుతారు. పంటకాలం 110 రోజుల పైచిలుకు. సెప్టెంబరు పున్నమికి చెట్టు పూత దాటి ఊడలు దిగి, కాయ ఊరుతూ ఉంటుంది. అప్పుడు నేలలో పదను లేకపోతే ఊడ గట్టినేలలోకి దిగదు, దిగినా కాయలో గింజ ఉండదు. బీజింగులో వానలు వెనకబడి ఆకాశం తేటపడే పున్నమి, మా పైరుకు ప్రాణం మీదికి వచ్చే పున్నమి ఒకటే. ఆ రాత్రి చంద్రుడు మబ్బు మరకైనా లేకుండా తళతళలాడితే అక్కడివాళ్ళకు పండుగ. మావాళ్ళకు గుండెల్లో రాయి. చంద్రుడు కనబడకపోతేనే మాకు మేలు.

ఆ పున్నమి ఉత్తర, హస్త కార్తెల్లో పడుతుంది. ఉత్తర కార్తె మీద తెలుగులో ఒక సామెత ఉంది, 'ఉత్తర చూసి ఎత్తర గంప' అని. ఉత్తరకు కూడా వాన రాకపోతే ఇక ఆశ వద్దు, తట్టాబుట్టా నెత్తిన పెట్టుకుని ఊరు వదలమని దాని అర్థం. మావైపు ఇది పుస్తకాల్లో నిద్రపోయే సామెత కాదు. బళ్ళారికి, బెంగళూరుకు పోయే బస్సుల్లో గంపకు బదులు సిమెంటు సంచుల్లో గిన్నెలు, దుప్పట్లు కనిపిస్తాయి. తాళం వేసిన ఇళ్ళల్లో ముసలివాళ్ళకు బియ్యం ఇచ్చి పోతారు. చైనాలో దూరాన ఉన్న బిడ్డలు ఇల్లు చేరే వారమూ, వాన తప్పిన ఏడు మా ఊరి బిడ్డలు ఇల్లు వదిలే వారమూ ఒకటే. ఆ పున్నమినాడు తీర్చే మొక్కు పెట్టుకుంటే, తీర్చడానికి చేతిలో ఏముంటుందో ఏడాది ముందు ఎవరూ చెప్పలేరు. ఏరువాక నాటికైతే ఎవరూ ఇంకా ఓడిపోయి ఉండరు. ఎద్దు ఉంటుంది, మడక ఉంటుంది, ఇంటిల్లిపాదీ ఊర్లోనే ఉంటారు. ఖాయంగా జరుపుకోగల పండుగ అదొక్కటే.

అట్లని పంట పున్నమి మాకు అసలే లేదనడం కూడా సరికాదు. ఉత్తర కర్ణాటకలో, మలెనాడులో ఆశ్వయుజ పున్నమినాడు సీగి పున్నమి, భూమి పున్నమి అని చేస్తారు. పైరుతో ఉన్న నేలను చూలాలిగా తలచి, చేలో సీమంతం చేసినట్టు వండినవి చల్లి వస్తారు. 2025లో చైనా పండుగ, ఈ సీగి పున్నమి ఒకే రాత్రి పడినాయి. మాకు బళ్ళారి వైపునుంచి వచ్చిన గౌరి పున్నమి ఉంది, కార్తీకంలో. అచ్చుల్లో పోసిన చక్కెర బొమ్మలు, ఏనుగులు, రథాలు, గౌరమ్మలు పళ్ళెంలో పెట్టుకుని ఆడపిల్లలు హారతికి పోతారు. ఆ వేళకు శెనక్కాయ పెరికి, కట్టె వామి వేసి, ఏదో ఒక లెక్క తేలి ఉంటుంది. పూర్వం మా నేలల్లో కొర్ర, సజ్జ ఎక్కువ. కొర్ర మూడు నెలల పంట, అది ఇంతకంటే ముందే ఇల్లు చేరేది. శెనక్కాయ వచ్చి పంటకాలాన్ని కార్తీకం దాకా లాగింది. తీర్చే మొక్కు ఆడవాళ్ళ చేతుల్లో చక్కెర బొమ్మంత చిన్నదిగా మిగిలింది. అచ్చులు మాత్రం చాలా ఇళ్ళల్లో అటక మీద భద్రంగా ఉన్నాయి.

భాద్రపద పున్నమికి మావాళ్ళు ఏమీ చెయ్యరని మొదట అన్నాను గానీ, చంద్రుణ్ణి అసలు చూడరని కాదు. అన్నం తిన్నాక వీధిలోకి వచ్చి తలెత్తి ఒకసారి చూస్తారు, గుడి కట్టిందా అని. చంద్రుడి చుట్టూ వచ్చే వలయాన్ని గుడి అంటారు. దూరంగా గుడి కడితే దగ్గర్లో వాన, దగ్గరగా కడితే వాన దూరం అని లెక్క. ఇందులో భౌతికశాస్త్రం లేకపోలేదు. పెద్ద గుడి చంద్రుడికి 22 డిగ్రీల దూరాన కడుతుంది. చెయ్యి చాచి వేళ్ళు విప్పితే బొటనవేలి కొసనుంచి చిటికెనవేలి కొస దాకా ఇంచుమించు అంత. చాలా ఎత్తున పలచటి మబ్బులో మంచు పలుకులు ఆరు పలకలుగా ఉంటాయి, వెన్నెల వాటిలో దూరి వంగడం వల్ల అది ఏర్పడుతుంది. బంగాళాఖాతంలో వాయుగుండం పడితే దాని పైకొసల మబ్బు అలా ముందుగా పరుచుకుని వస్తుంది. చిన్న గుడి కట్టేది నీటి తుంపరల వల్ల, చంద్రుణ్ణి ఆనుకుని కొద్ది డిగ్రీల్లో, కింది పలచని మబ్బులో. ఆ మబ్బు వానకు రావచ్చు, ఊరికే పోవచ్చు.

2024 సెప్టెంబరులో పున్నమి రాత్రి నేను ఊర్లోనే ఉన్నాను. మా జేజినాయన వీధిలో నిలబడి చెయ్యి చాచి వేళ్ళు విప్పి కొలిచాడు.

"గుడి యాడుందిరా అబ్బీ, నీ కండ్లకేమన్నా కనబడుతుందా?" అన్నాడు.

నాకూ కనబడలేదు. ఆయన అరుగు మీద దుప్పటి పరుచుకుని, తెల్లారుజామున ఇంకోసారి చూద్దాం, లేపు అని పడుకున్నాడు.